అలమారలోని ఎలుగుబంట్లు

ఈ సంచిక కోసం ఏదైనా వ్రాయుమని సంపాదకవర్గం వారు కోరినప్పుడు, సహకార బ్యాంకులను గురించి ఒక వ్యాసం వ్రాయవలెనని మొదట తలచినాను. నేను బోధించేది వాణిజ్యశాస్త్రం గనుక అది నా చేతిలోని పని. కాని గత రంజాన్ పండుగనాడు మా ఇంటికి వచ్చిన విద్యార్థులలో ఒకడు అడిగిన ప్రశ్నకు నేను సమాధానం బాకీపడి ఉన్నాను. ముందుగదిలోని అద్దాల అలమార ఎదుట అతడు నిలబడిపోయినాడు. పుస్తకాలుండవలసిన చోట 37 ఎలుగుబంటి బొమ్మలు వరుసలు తీరి కూర్చున్నవి. "మనవరాండ్లవా సార్?" అన్నాడు. కావు, నావే నన్నాను. మర్యాదస్తుడు గనుక నవ్వలేదు. కొంచెం ఆగి, "ఎందుకు సార్?" అన్నాడు.

నేను షీర్ ఖుర్మా గిన్నె అతని చేతికిచ్చి మాట దాటవేసినాను. త్వరలో ఉద్యోగ విరమణ పొందబోయే అధ్యాపకుడు విద్యార్థి ప్రశ్నను దాటవేయడం తగని పని. కనుక ఈ పుటలను ఆ బాకీ కింద జమ కట్టుకొనవలసినదిగా మనవి. బొమ్మలను గురించి వ్రాసినందుకు కళాశాల కార్యవర్గ సభ్యులు నన్ను మన్నింతురు గాక.

నేను పుట్టి పెరిగినది మంత్రాలయం. తుంగభద్ర దక్షిణపు గట్టున, 1671లో శ్రీ రాఘవేంద్రస్వామి వారు బృందావన ప్రవేశం చేసిన క్షేత్రమది. పూర్వం మంచాల అనే పేరుగల ఆ గ్రామాన్ని ఆదవాని నవాబు సిద్ది మసూద్ ఖాన్ స్వామివారికి సమర్పించినాడని మా సీమలో హిందువులూ ముస్లిములూ ఒకే విధంగా చెప్పుకొంటారు. నవాబు ఇచ్చిన నేల మీద మా తండ్రిగారు, మేము అబ్బా అని పిలిచేవారం, బొమ్మల అంగడి పెట్టుకొని ఐదుగురు ప్రాణులను పోషించినారు. మఠానికి పోయే దారిలో ఆరడుగుల వెడల్పు అంగడి. చన్నపట్నం లక్క బొమ్మలు, కొండపల్లి దశావతారాలు, తిరుపతి కొయ్యబొమ్మల జంటలు, గిలక్కాయలు, పీపీలు, బుగ్గలు, కీ ఇస్తే డోలు కొట్టే రేకు కోతి. ఆ కోతికి మా ఊరిలో పోటీ ఎక్కువ. మఠం గోపురం మీది నిజమైన కోతులు దానిని చూసి పండ్లు ఇకిలించేవి.

అంగట్లో కూర్చున్న పిల్లవాడికి లోకం తొందరగా అర్థమవుతుంది. బొమ్మలు కొనేది పిల్లలని అందరూ అనుకొంటారు. పిల్లలు ఏడుస్తారు, అంతే. కొనేది పెద్దలు. వారిలో చాలామంది తమ కోసమే కొనుక్కొంటారని నాకు పదేండ్లకే తెలిసినది. కన్నడ దేశం నుండి ప్రతి సంవత్సరం ఆరాధనకు వచ్చే ఒక పెద్దమనిషి ఉండేవాడు. వచ్చిన ప్రతిసారీ చన్నపట్నం బండి ఒకటి కొని, "మనవడికి" అని చెప్పి, జేబు రుమాలులో చుట్టుకొని పోయేవాడు. మా లెక్క ప్రకారం ఆ మనవడు అప్పటికే కాలేజీకి పోవలెను. అబ్బా ఏనాడూ ఆ సంగతి అడుగలేదు. "రంగు బాగుంది చూడండి స్వామీ" అని మాత్రం అనేవారు.

మా పొరుగున ఒక మాధ్వుల కుటుంబం ఉండేది. దసరాకు వారింట బొమ్మల కొలువు తీర్చేవారు. ఏటేటా ఒక కొత్త బొమ్మ చేర్చవలెనని ఆచారం. పాతది రంగుపోయినా, ముక్కు విరిగినా పారవేయరు. చీరముక్కలో చుట్టి పెట్టెలో దాచి, మరుసటేడు మళ్లీ మెట్ల మీదికి తెస్తారు. పై మెట్టు మీద దేవతలు, కింది మెట్టు మీద కోమటి దంపతులు, పల్లెజనం, పశువులు. ప్రపంచంలో ఎక్కడెక్కడో బొమ్మలు సేకరించేవారున్నారని నేను తరువాత చదువుకొన్నాను గాని, మొదట చూచిన సేకరణ అదే. ఆ ఇంటి అమ్మగారు మా ఆపాను పిలిచి, "ఏమ్మా, నీ ఎలుగును తెచ్చి కింది మెట్టు మీద పెట్టు, అడవి ఖాళీగా ఉంది" అన్న సంగతి నాకు బాగా జ్ఞాపకం.

ఆ ఎలుగును గురించి ఇక చెప్పవలెను.

మా చిన్ననాట శీతకాలంలో ఖలందర్లు వచ్చేవారు. ఎలుగును ఆడించి బ్రతికేవారు. వారూ ముస్లిములే గనుక మా గడప దగ్గర ఎక్కువసేపు ఆగేవారు. మా అమ్మీ వారికి జొన్నరొట్టె, ఎలుగుకు ఇంత బెల్లం పెట్టేది. డమరుకం మోగగానే వీధి అంతా పోగయ్యేది. ఎలుగు వెనుకకాళ్ల మీద నిలబడి సలాము చేసేది. ఆట అయిన తరువాత అసలు పని మొదలయ్యేది. దడుసుకొన్న పిల్లలను తల్లులు తెచ్చి ఎలుగు వీపు మీద కూర్చోబెట్టేవారు. ఖలందరు దాని మెడ కింది వెంట్రుక ఒకటి తీసి ఇస్తే, తాయెత్తులో పెట్టి మెడకు కట్టేవారు. భయం పోతుందని నమ్మకం. ఇందులో కులమతాల తేడా లేదు. బ్రాహ్మణ బాలుని మెడలోనూ, నా మెడలోనూ ఒకే ఎలుగు వెంట్రుక ఉన్న రోజులవి. నేను ఆ తాయెత్తును ఆరవ తరగతి వరకు ధరించినాను. లెక్కల పరీక్షనాడు గట్టిగా పట్టుకొనేవాడిని. ఫలితం గురించి అడుగకండి.

1972లో నాకు ఆరేండ్లు, మా ఆపాకు తొమ్మిది. ఆమె ఎలుగు వీపు ఎక్కలేదు. దాని ముఖం దగ్గరికి పోయి చూచినది. ముక్కులో నుండి తాడు. "దానికి నొప్పి కాదా చాచా?" అన్నది. మా ఇంటి మాట ఉర్దూ, ఇక్కడ తెలుగులో వ్రాస్తున్నాను. "లేదు బేటీ, దానికి అలవాటే" అన్నాడతడు. పిల్లగా ఉన్నప్పుడే ఎలుగును తల్లి నుండి వేరుచేసి, కాల్చిన సూదితో ముట్టె పొడిచి, ఆ గాయంలో తాడు దూరుస్తారన్న సంగతి మాకప్పుడు తెలియదు. ఆపాకు ఏదో తెలిసినట్లున్నది. ఆ రాత్రి ఆమె అన్నం ముట్టలేదు. మరునాడూ సగమే తిన్నది.

మూడవనాడు అమ్మీ కత్తెర తీసినది. కురువలు నేసే నల్లకంబళి పాతది ఒకటి ఇంట్లో ఉండేది. దాని చిరగని అంచు కత్తిరించి ఎలుగు కుట్టినది. లోపల కూరిన దూది ఆదవానిది. మా మేనమామ అక్కడి జిన్నింగు మిల్లులో పనిచేసేవాడు, వచ్చినప్పుడల్లా సంచిలో ఇంత తెచ్చేవాడు. కండ్లకు అబ్బా పాత షేర్వానీ గుండీలు రెండు. నిజమైన ఎలుగుకు రొమ్ము మీద తెల్లని చార ఉంటుందిగదా, అక్కడ మల్లుగుడ్డ పీలిక. ముట్టె పొడుగ్గా, కొంచెం పక్కకు వంగి ఉండేది. అందగాడు కాదు. ఆపా దానిని అటూ ఇటూ తిప్పి ముక్కు తడిమి, "తాడు లేదు" అన్నది. అంతే, పళ్లెం దగ్గరికి వచ్చి కూర్చున్నది.

మా నానీకి ముఖమున్న బొమ్మ ఇంట్లో ఉండడం ఇష్టం లేదు. హజ్రత్ ఆయిషా గారు చిన్ననాట బొమ్మలతో ఆడుకొన్నట్లు హదీసులలో ఉన్నదని అబ్బా చెప్పినారు. నానీ కాదనలేదు, అవుననలేదు. నమాజు వేళకు ఎలుగు ముఖం గోడవైపు తిప్పి, సలాం తిప్పిన తరువాత మళ్లీ ఇటువైపు తిప్పేది. ఆమె ఉన్నన్నాళ్లూ రోజుకు ఐదుమార్లు ఈ పని జరిగినది. చివరి రోజులలో, "పాపం, గోడ చూసి చూసి దానికి విసుగు పుట్టి ఉంటుంది" అనేది.

ఇప్పుడు నా తప్పు. 1977, శ్రావణమాసం, ఆరాధన రోజులు. నాకు 11 ఏండ్లు. అంగడి ముందు పిల్లలను ఆకర్షించడానికి ఆపా ఎలుగును రెండు రోజులు ఇమ్మని అడిగినాను. ఆమెకు 14 ఏండ్లు వచ్చినవి, ఆడుకొనే వయసు దాటినది, అయినా అది ఆమె తలగడ దగ్గరే ఉండేది. "చూపడానికే" అని నాచేత రెండుమార్లు అనిపించి ఇచ్చినది. రెండవనాడు మధ్యాహ్నం అబ్బా జొహర్ నమాజుకు పోయినప్పుడు ఒక దంపతులు వచ్చినారు. చంకలో మూడేండ్ల ఆడపిల్ల, ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయినది. నేను చూపిన బొమ్మనల్లా విసిరికొట్టి నల్ల ఎలుగు వైపు చేయి చాచినది. అమ్మేది కాదన్నాను. తండ్రి 5 రూపాయలన్నాడు. కాదన్నాను. 12 అన్నాడు. మా అంగట్లో అన్నిటికన్న పెద్ద బొమ్మ ఖరీదు అందులో సగం. వారు సందు మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడినాను. పిల్ల తల్లి భుజం మీద ఉన్నది, ఎలుగు పిల్ల భుజం మీద ఉన్నది.

ఇంటికి పోయి, కోతి ఎత్తుకొనిపోయిందని చెప్పినాను. మంత్రాలయంలో అది నమ్మదగిన అబద్ధం. ఆపా మూడు రోజులు వెదకినది. మఠం వెనుక చెట్ల కింద, ఇండ్ల కప్పుల మీద, నదిమెట్ల దగ్గర. నేను ఆమె వెంట నడిచి, చెట్టు చెట్టుకూ తలయెత్తి చూచినాను. అబద్ధమాడడం కన్న అది పాడుపని అని నా అభిప్రాయం. నాలుగవనాడు ఆమె వెదకడం మానివేసినది. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. అమ్మీ ఇంకొకటి కుడతానంటే వద్దన్నది.

1990లో నాకు ఉద్యోగం వచ్చినది. మొదటి జీతం చేతిలో పడిన వారం పనిమీద హైదరాబాదు పోయి, తీరిక దొరికితే సాలార్‌జంగ్ మ్యూజియం చూచినాను. మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ గారు ప్రపంచం నలుమూలల నుండి తెప్పించిన వస్తువులలో ఆటబొమ్మలు కూడ ఉన్నవి. తగరపు సైనికులు, బొమ్మ రైళ్లు. పెండ్లి చేసుకొనలేదు, పిల్లలు లేరు, ఆయన బొమ్మలు పోగుచేసినాడు. 1949లో ఆయన మరణించిన తరువాత, 1951 డిసెంబరు 16న జవహర్‌లాల్ నెహ్రూ గారు ఆ సేకరణను ప్రజలకు తెరిచినారు. ఆ సైనికుల ముందు నిలబడినప్పుడు నాకు రుమాలులో లక్కబండి చుట్టుకొనే పెద్దమనిషి జ్ఞాపకం వచ్చినాడు. బయటికి వచ్చి సుల్తాన్ బజారులో ఒక టెడ్డీ బేర్ కొన్నాను. అది మొదటిది. మా వాళ్లకు, "ఎవరికైనా ఇవ్వడానికి" అని చెప్పినాను. ఎవరికీ ఇవ్వలేదు.

ఆ తరువాత ఆ బొమ్మ కథ ఏమిటో చదువుకొన్నాను. చదివినకొద్దీ ఆశ్చర్యం కలిగినది. 1902 నవంబరులో అమెరికా అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ మిసిసిపీ రాష్ట్రంలో ఎలుగు వేటకు పోయినాడు. ఎలుగు దొరకలేదు. హోల్ట్ కోలియర్ అనే నీగ్రో వేటగాడు, ఒకప్పుడు బానిసగా ఉండినవాడు, ఒక ఎలుగును పట్టి చెట్టుకు తాడుతో కట్టి అధ్యక్షుని పిలిపించినాడు. కట్టివేసిన జంతువును కాల్చడం వేటగాని ధర్మం కాదని రూజ్‌వెల్ట్ నిరాకరించినాడు. వాషింగ్టన్ పోస్టు పత్రికలో క్లిఫర్డ్ బెరీమన్ ఈ ఘట్టాన్ని వ్యంగ్యచిత్రంగా గీసినాడు. అది చూచి, రష్యా నుండి వలసవచ్చి బ్రూక్లిన్‌లో మిఠాయి అంగడి నడుపుకొనే మోరిస్ మిచ్‌టమ్, అతని భార్య రోజ్, ఒక ఎలుగుబొమ్మను కుట్టి అంగడి కిటికీలో పెట్టినారు. అధ్యక్షుని ముద్దుపేరు టెడ్డీ గనుక అది టెడ్డీ ఎలుగు అయినది. ఇంచుమించు అదే కాలంలో జర్మనీలోని గీంగెన్ పట్టణంలో, చిన్ననాటి పోలియో వల్ల చక్రాల కుర్చీకి పరిమితమైన మార్గరెట్ ష్టైఫ్ అనే కుట్టుపనివాలి కర్మాగారంలో ఆమె తమ్ముని కొడుకు రిచర్డ్ కాళ్లుచేతులు కదిలే ఎలుగును రూపొందించినాడు. 1903లో లైప్‌జిగ్ సంతలో ఒక అమెరికా వర్తకుడు 3,000 బొమ్మలకు ఆర్డరు ఇచ్చినాడు. 1907లో వారు చేసిన ఎలుగులు 9,74,000. వాణిజ్యశాస్త్ర విద్యార్థులు ఈ అంకెను గమనింతురు గాక.

నన్ను ఆపినది ఈ అంకె కాదు, ఆ తాడు. అక్కడా ఎలుగుకు తాడే, మా వీధిలోనూ తాడే. అక్కడా ఒక అంగడివాని భార్య సూది పట్టినది. మా అమ్మీ రూజ్‌వెల్టు పేరు విన్నది కాదు. వ్యంగ్యచిత్రంలో లేని సంగతి మరొకటి ఉన్నది. రూజ్‌వెల్ట్ కాల్చలేదు గాని, గాయపడిన ఆ ఎలుగు బాధ ముగించుమని ఆజ్ఞాపించినాడు. దానిని కత్తితో చంపినారు. ఆ భాగాన్ని ఎవరూ బొమ్మగా కుట్టలేదు. మిఠాయి అంగడి కిటికీలో కూర్చున్నది మరణించని ఎలుగు. ఆపా ఒడిలో కూర్చున్నది తాడు లేని ఎలుగు. మనిషి నిజమైన ఎలుగుకు చేయలేకపోయినది, లేక చేయనిది, దూదితో చేసి పిల్లల చేతిలో పెట్టినాడని నాకు అనిపించినది. ఇది శాస్త్రం కాదు, నా ఊహ.

శాస్త్రజ్ఞులు వేరుగా చెప్పినారు. డోనాల్డ్ వినికాట్ అనే ఆంగ్ల శిశువైద్యుడు 1951లో చదివిన పత్రంలో, పసివాడు తల్లి నుండి వేరుపడి తాను వేరని తెలుసుకొనే దశలో ఒక గుడ్డపేలికనో బొమ్మనో పట్టుకొంటాడనీ, అది తల్లీ కాదు, తానూ కాదు, మధ్యనున్న వంతెన అనీ వివరించినాడు. అందుకే దానిని ఉతికినా పిల్లవాడు ఒప్పుకోడు. వాసన మారితే వంతెన మారినట్లే. అమెరికాలో హ్యారీ హార్లో కోతిపిల్లలకు ఇద్దరు కృత్రిమ తల్లులను అమర్చినాడు. ఒకతె తీగలతో చేసినది, పాలసీసా ఉన్నది. రెండవతె మెత్తని గుడ్డతో చేసినది, పాలు లేవు. పిల్లలు తీగతల్లి దగ్గర పాలు త్రాగి, వెంటనే గుడ్డతల్లిని కరచుకొని ఉండిపోయినవి. ఇది 1958లో ప్రకటించిన సంగతి. ఆ కోతిపిల్లలు పడిన బాధ తలచుకొంటే ఈ జ్ఞానం కూడ తాడు కట్టి సంపాదించినదే అనిపిస్తుంది. 1985లో ఇంగ్లండులో రాబర్ట్ హైండ్, బార్డెన్ అనువారు మ్యూజియంలోని టెడ్డీలను కొలిచి చూచినారు. పాతవాటికి ముట్టె పొడుగు, నుదురు చిన్నది. కాలం గడిచినకొద్దీ ముట్టె కుదించుకొని నుదురు పెరిగి, ఎలుగు పసిపాప ముఖానికి దగ్గరైనది. జనం ఏది ముద్దుగా ఉంటే అది కొంటారు, తయారీదారు అదే చేస్తాడు. మా అమ్మీకి ఈ మార్కెట్టు సంగతి తెలియదు. కనుకనే ఆమె ఎలుగు ముట్టె ఎలుగు ముట్టె వలెనే ఉండేది.

ఇక సేకరించేవారి మాట. 1994లో లండను వేలంలో ఒక ష్టైఫ్ ఎలుగు 1,10,000 పౌండ్లకు పోయినది. కర్నల్ బాబ్ హెండర్సన్ అనే సైనికాధికారి బ్రతికినంత కాలం దగ్గర ఉంచుకొన్న పాత బొమ్మ అది. కొన్నది జపాను దేశస్థుడు, మ్యూజియం కోసం. వెల చూచి జనం నివ్వెరపోయినారు. నేను అంగడివాని కొడుకును, నాకు వెలలు ఆశ్చర్యం కలిగించవు. ఆ దూదిలో ఒక మనిషి జీవితకాలం కూరి ఉన్నది గదా, దానికి ఏ వెల కట్టుదుము?

సేకరించేవారు అనేక విధాలు. కొందరికి అంతస్తు, కొందరికి పెట్టుబడి, కొందరికి వరుస పూర్తి చేయవలెనన్న పట్టుదల. నా అలమారలో ఒక్కటీ విలువైనది లేదు. జాతరలలో కొన్నవి, రైలు ప్లాట్‌ఫారం మీద కొన్నవి, గల్ఫు దేశంలో పనిచేసే పూర్వవిద్యార్థి పంపినది ఒకటి. మా శ్రీమతి చాలాకాలం దుమ్ము గురించి మాత్రమే ఫిర్యాదు చేసినది. తరువాత ఒకనాడు, "మీరు నల్లవే కొంటున్నారు, గమనించినారా?" అన్నది. గమనించలేదు. అప్పుడు లెక్కపెడితే 22లో 19 నల్లవి. నేను ఎలుగుబొమ్మలు కొనడం లేదు, ఒక ఎలుగును వెదకుతున్నాను. ఆపాతో కలిసి చెట్ల మీద వెదకినట్లు నటించిన పిల్లవాడు, నలభై దాటిన తరువాత నిజంగా వెదకుతున్నాడన్నమాట.

2009 అక్టోబరు 2. ఆ తేదీ ఈ జిల్లావారికి చెప్పనక్కరలేదు. తుంగభద్ర, హంద్రీ ఒక్కసారిగా పొంగి కర్నూలు పట్టణం మునిగినది. మంత్రాలయం కూడ మునిగినది, భక్తులు కప్పుల మీద చిక్కుకొన్నారు. అబ్బా అంగడి అప్పటికి మా పినతండ్రి కొడుకు చూచేవాడు. ఆరడుగుల అంగడిలో ఒక్క గిలక్కాయ మిగులలేదు. అబ్బా 1998లోనే పోయినారు, ఆ దృశ్యం చూడలేదు. కర్నూలు పాతపట్నంలో మేమున్న అద్దె ఇంటిలో నీరు కిటికీల పైకి వచ్చినది. మేడమీది వారి ఇంట తలదాచుకొని ప్రాణాలు దక్కించుకొన్నాము. నీరు తీసిన తరువాత వచ్చి చూస్తే మోకాటిలోతు బురద. నా సర్టిఫికెట్లు, శ్రీమతి నగల పెట్టె, బియ్యం, ఖురాన్ షరీఫ్ ఉంచిన బల్ల, అన్నీ ఒకే రంగు. అలమార బోర్లపడి ఉన్నది.

ఆదవాని నుండి ఆపా వచ్చినది. నలభై ఆరేండ్ల మనిషి, ఇద్దరు పిల్లల పెండ్లిళ్లు చేసినది. కొంగు నడుముకు చుట్టి మూడు రోజులు మాతోపాటు బురద ఎత్తినది. పనికిరానివాటిని వీధిలో కుప్ప పోయమని నేను ఎలుగులను గంపకెత్తితే, గంప నా చేతిలోంచి తీసుకొన్నది. ట్యాంకరు నీళ్లు పట్టి, సబ్బు వేసి, ఒక్కొక్కటే పిండి దండెం మీద చెవులకు క్లిప్పులు పెట్టి ఆరవేసినది. ఊరంతా ఇండ్లు బాగుచేసుకొంటుంటే, మా పెరట్లో ఇరవై పైచిలుకు ఎలుగులు చెవులతో వ్రేలాడుతున్నవి. దారినపోయేవారు చూచి, ఆ కష్టకాలంలో కూడ నవ్వినారు.

ఆ దండెం కిందనే నేను చెప్పినాను. కోతి కాదు ఆపా, నేనే అమ్మినాను అని. ముప్పది రెండేండ్లకు.

ఆమె పిండుతున్నది పిండుతూనే, "తెలుసు" అన్నది.

"ఎట్లా?"

"ఆ రాత్రే గల్లాపెట్టె లెక్క చూసి అబ్బా చెప్పినాడు. 12 రూపాయలు ఎక్కువ ఉన్నాయట. వాడు తన నోటితో చెప్పేదాకా నువ్వు అడుగవద్దన్నాడు. నేను అడుగలేదు."

మూడు రోజులు ఆమె చెట్ల కింద వెదకినది! అందులో రెండు రోజులు తెలిసి వెదకినదన్నమాట. నా పక్కన నడుస్తూ, నేను ఎప్పుడు నోరు విప్పుతానా అని చూచినదేమో. ఆ మాట అడిగే ధైర్యం నాకు అప్పుడు లేదు, ఇప్పటికీ లేదు.

కొంతసేపటికి ఆమే అన్నది: "ఆ పిల్ల ఏడుపు ఆపిందా?"

"ఆపింది."

"12 రూపాయలకా ఇచ్చినావు? అమ్మీ కంబళి, అబ్బా గుండీలు... తక్కువకు ఇచ్చినావురా."

అంగడివాని కూతురు ఎక్కడికి పోతుంది!

అదే సంవత్సరం డిసెంబరులో, మన దేశంలో ఆడించబడుతున్న ఎలుగులలో చివరిదానిని బెంగుళూరు దగ్గర బన్నేరుఘట్ట కేంద్రానికి చేర్చినారని పత్రికలో వచ్చినది. దాని పేరు రాజు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చినా, వీధులలో ఆట ఆగడానికి 37 సంవత్సరాలు పట్టినది. ఎలుగులను అప్పగించిన ఖలందర్లకు వేరే వృత్తులు నేర్పి, కొంత సహాయం చేసినారని చదివినాను. అది న్యాయం. ఎలుగు ముక్కులోని తాడు రెండవ కొన ఆ బీదవాని చేతికి కట్టి ఉండేది గదా. మనకు దగ్గరలో, హంపీ సమీపాన ఉన్న దరోజీ అభయారణ్యంలో తాడెరుగని ఎలుగులు సాయంకాలం రాళ్ల మీదికి దిగి వస్తవి. ఒకమారు ఆపాను తీసుకొనిపోయి చూపినాను. తల్లి ఎలుగు పిల్లలను వీపు మీద ఎక్కించుకొని నడుస్తున్నది. మన దేశపు ఎలుగుకు అది సహజమైన అలవాటు. దడుసుకొన్న మనుష్యుల పిల్లలను దాని వీపు మీద ఎక్కించిన మన పెద్దలు ఈ దృశ్యం ఎప్పుడైనా చూచి ఉండిరా అని నేను ఆలోచిస్తూ ఉంటే, ఆపా, "ముట్టె అమ్మీ కుట్టినట్లే ఉంది" అన్నది.

ఈ సంవత్సరం ఆమెకు ఒక మునిమనవరాలు పుట్టినది. నల్లకంబళి ముక్క కావాలని నాకు కబురు పెట్టినది. ఇప్పుడు కంబళి నేసే కురువలు అక్కడక్కడ మాత్రమే ఉన్నారు. నాలుగు ఊర్లు తిరిగి ఒకటి సంపాదించినాను. దూదికి ఆదవానిలో కొదవ లేదు. గుండీలు నా పెండ్లి షేర్వానీవి. ఆమెకు చూపు తగ్గినందున సూదిలో దారం ఎక్కించేది నేను. ఒక చెవి కుట్టినాము, వంకరగా వచ్చినది. విప్పి మళ్లీ కుట్టవలెనని ఆమె, అట్లే ఉండనిమ్మని నేను. ఈ వ్యాసం ముద్రణకు ఇచ్చేనాటికి వాదం తెగలేదు.